ఎర్తు బోల్టునకు ఎవరు పూచీ?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో గత అర్ధశతాబ్దిలో వెలసిన కర్మాగారములను గూర్చి గర్వముతో మాటలాడుట మనకు పరిపాటి యైనది. అశోక్ లేలాండు లారీలును, టి.వి.యస్. ద్విచక్రవాహనములును, టైటన్ గడియారములును తయారగు ఈ సీమలో, ఏ బోల్టు ఏ లోహముతో చేయబడినదో, ఎంత బలముతో బిగింపబడవలెనో ముందే కాగితముపై నిర్ణయించుకొని, కొలత చూపు పానాతో బిగించి, బిగించినట్లు గుర్తు పెట్టి గాని బండిని బయటికి పంపరు. అట్టి కర్మాగారమున పగలెల్ల బోల్టులు బిగించి, ప్రొద్దు క్రుంకువేళకు బాగలూరునకో శూలగిరికో వేపనపల్లికో చేరుకొను అదే కార్మికుని పొలములో మాత్రము, బోరు మోటారు స్టార్టరు పెట్టెను భూమితో కలుపు బోల్టు ఏదని అడిగినచో, మేస్త్రి సంచిలో ఆ పూట చేతికి దొరికినది ఏదో అదియే యని సమాధానము వచ్చును. ఈ తారతమ్యము మనకు తగదనియు, దీనిని సవరించుటకు కావలసినది ధనముకంటె శ్రద్ధయే యనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ఎర్తింగు చేయు పని యేమి? మోటారు చుట్టలలో ఎచ్చటనో పూత చెడి విద్యుత్తు ఇనుప కవచమునకు సోకినపుడు, అది భూమిలోనికి పోవుటకు సుగమమైన మార్గము నొకదానిని సిద్ధముగా నుంచి, ఆ మార్గమున అధికప్రవాహము పాఱి ఫ్యూజు కరగునట్లు చేయుట. 230 వోల్టుల సరఫరాలో, పోవు దారియు మరలి వచ్చు దారియు కలసి 4 ఓముల నిరోధము మాత్రమే యున్నచో, 57 ఆంపియర్ల ప్రవాహము పాఱును, 16 ఆంపియర్ల ఫ్యూజు కొద్ది సెకండ్లలో తెగిపోవును, మనిషి బ్రతుకును. అదే దారిలో ఒక్క బోల్టు తుప్పుపట్టి మఱి 20 ఓముల నిరోధమును తెచ్చిపెట్టెనా, ప్రవాహము పది ఆంపియర్లకు లోబడును; ఫ్యూజు నిక్షేపముగా నుండును; స్టార్టరు పెట్టెపై 200 వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచి, తడికాళ్లతో వచ్చి చేయి వేయువాని కొఱకు కాచుకొని యుండును. గుంత త్రవ్వి, గొట్టము పాతి, బొగ్గును ఉప్పును నింపి, మెడలోతు శ్రమపడి చేసిన ఎర్తింగంతయు ఆ ఒక్క బోల్టు దగ్గఱ వ్యర్థమైపోవుచున్నది.

బోల్టు ఎంపికను గూర్చి మన మేస్త్రీలలోను, హార్డువేరు దుకాణములలోను రెండు మాటలు విరివిగా వినబడును. ఇత్తడి విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును గనుక ఇత్తడి బోల్టే శ్రేష్ఠమని ఒకటి. స్టెయిన్‌లెస్ స్టీలు విద్యుత్తునకు మంచి వాహకము కాదు గనుక పనికిరాదని రెండవది. లెక్కలు చూచినచో ఈ మాటలు నిజమువలెనే తోచును. రాగితో పోల్చినపుడు ఇత్తడి నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లు, మెత్తని ఉక్కు నిరోధము ఎనిమిది రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధము నలుబది రెట్లు. అయినను సక్రమముగా కూర్చిన అతుకులో విద్యుత్తు ముఖ్యముగా బోల్టు కాడగుండ పోదు. ఒకదానిపై నొకటి ఒత్తుకొని యున్న, తీగకొనకు తొడుగు లగ్గుయొక్కయు ఎర్తు పట్టీయొక్కయు ముఖములగుండనే పోవును. కంటికి ఎంత నున్నగా కనబడిన లోహతలములైనను, నిజమునకు అచ్చటచ్చట నున్న సూక్ష్మమైన మిట్టలయొద్ద మాత్రమే ఒకదాని నొకటి తాకుచుండును; ఒత్తిడి పెరిగినకొలది ఆ మిట్టలు అణగి, తాకు చోటులు విస్తరించి, నిరోధము తగ్గును. కావున బోల్టు ప్రధానధర్మము ఆ ఒత్తిడిని ఏండ్ల తరబడి సడలనీయక నిలుపుటయే. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, మోటారు అదురునకు వదులై, తేమకు తుప్పై పోవు బోల్టు ఎంత సువాహకమైనను నిరుపయోగమే. పెట్టె గోడగుండ దూర్చిన ఎర్తు స్టడ్డువలె విద్యుత్తు నిజముగా కాడగుండ పోవలసిన చోట మాత్రమే లోహపు వాహకగుణమును ప్రత్యేకముగా లెక్కింపవలసి యుండును.

శూలగిరి దాటి కృష్ణగిరి దిక్కుగా పోవునపుడు రహదారికి ఇరుప్రక్కల నున్న మామిడితోటలలో ఏ స్టార్టరు పెట్టెనైనను దగ్గఱగా చూడుడు. బూడిదరంగు ఎనామిలు పూసిన ఇనుప పెట్టె; దాని అడుగుప్రక్కన నొక రంధ్రము; ఆ రంధ్రములో ఎఱ్ఱగా తుప్పుపట్టిన బోల్టు; దాని మెడకు రెండు చుట్లు చుట్టి మెలిపెట్టిన జి.ఐ. తీగ, అనగా తుత్తునాగపు పూత గల ఇనుప తీగ. తీగకు లగ్గు లేదు. క్రింద వాషరు లేదు. వాషరు కూర్చుండవలసిన చోట పెట్టె రంగు చెక్కుచెదరక నిగనిగలాడుచుండును. ఎనామిలు రంగు విద్యుత్తునకు అడ్డుకట్ట యని పాఠశాల విద్యార్థికిని తెలియును. అయినను ఆ తీగను పెట్టెకు కాక పెట్టె రంగునకు ఎర్తు చేసి మనము నిశ్చింతగా నుందుము. అరచేతి వెడల్పున గరుకు కాగితముతో రంగు గీకి, లోహము మెఱయునట్లు చేసి, పండ్లు గల స్టార్ వాషరు వేసి, లగ్గు పెట్టి, పైన స్ప్రింగు వాషరుతో బిగించి, ఆపై అతుకంతయు పెట్రోలియము జెల్లీతో పూయుటకు పది నిమిషములు చాలును.

ఇక లోహముల సంగతి. 1761లో బ్రిటిషు నౌకాదళము, సముద్రపు పురుగులు కొయ్యను తొలువకుండుటకై, అలారం అను యుద్ధనౌక అడుగుభాగమునకు రాగి రేకులు కప్పి ఇనుప మేకులతో బిగించెను. రెండేండ్ల పిమ్మట పరీక్షింపగా, రాగి దివ్యముగా నుండెను గాని ఇనుప మేకులు కరగి తుప్పై పోయి రేకులు ఊడిపడుచుండెను. రేకులకు చుట్టి తెచ్చిన కాగితము పొరపాటున మిగిలిపోయి మేకునకును రాగికిని నడుమ అడ్డుపడిన చోట మాత్రము మేకులు క్షేమముగా నుండెను. వోల్టా తన విద్యుద్ఘటమాలను లోకమునకు వెల్లడించుటకు ఇంచుమించు నలుబది యేండ్ల ముందే ఆ నౌక చెప్పిన పాఠమిది: భిన్నలోహములు రెండు తడిలో ఒకదాని నొకటి తాకినచో, వానిలో చురుకైనది తాను కరగి రెండవదానిని కాపాడును. తుత్తునాగము, అల్యూమినియము, ఇనుము, సీసము, తగరము, ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు అని చురుకుదనము తగ్గు వరుసలో లోహములను పేర్చుకొన్నచో, ఆ వరుసలో ఎంత ఎడముగా నున్న లోహములను జతపఱచితిమో అంత వేగముగా నష్టము వాటిల్లును. ఇనుముపై తుత్తునాగపు పూత పూయు గాల్వనైజింగు పద్ధతి ఈ నియమమును మన మేలునకు మలచుకొన్నది. తుత్తునాగము తాను వ్యయమగుచు ఇనుమును రక్షించును.

ఈ నియమములో మన మేస్త్రీలు ముఖ్యముగా గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. కరగు లోహము విస్తారముగా నుండి, దానిని కరగించు లోహము స్వల్పముగా నున్నచో నష్టము పరచుకొని పలుచనగును. కరగు లోహము స్వల్పమై, రెండవది విస్తారమైనచో, పదిమంది తిను ఇంట ఒక్కడే సంపాదించినట్లు, ఆ భారమంతయు ఒక్కదానిపైననే పడి అది త్వరగా కృశించిపోవును. వెడల్పైన రాగి పట్టీకి చిన్న ఇనుప బోల్టు బిగించుట సరిగా ఇట్టి దుస్థితియే. అదే జి.ఐ. పట్టీకి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు బిగించినచో, కరగదగిన తుత్తునాగము విస్తారము, బోల్టు స్వల్పము గనుక ఆరుబయటనైనను చాలకాలము చెల్లుబాటగును. చుట్టునున్న లోహముకంటె బోల్టు ఉత్తమమైనదిగా నుండవలెను గాని నీచమైనదిగా నుండరాదు. మిగిలిన వివరములు మఱచినను ఈ యొక్క మాట జ్ఞప్తి నుంచుకొన్న మేస్త్రి సగము తప్పులనుండి తప్పించుకొనును.

ఈ నియమము ఎల్ల దేశములకు సమానమే యైనను, మన సీమకు ప్రత్యేకమైన బాధలు కొన్ని కలవు. కృష్ణగిరి జిల్లా గ్రానైటు రాతికి ప్రసిద్ధము. రాతినేల విద్యుత్తును సులువుగా పుచ్చుకొనదు. అందుచేత ఇచ్చట గుంతలో ఉప్పు కాస్త ఎక్కువగా వేయుట, వేసవిలో బిందెలతో ఉప్పునీరు పోయుట అలవాటైనది. భూమి నిరోధము తగ్గుటకు ఆ ఉప్పు తోడ్పడునన్న మాట నిజమే. ఆ ఉప్పే గుంత నోటియొద్ద నున్న బోల్టును తినివేయునన్న మాటయు నిజమే. సామాన్యమైన 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు సైతము ఉప్పు తడిలో చిన్న చిన్న గుంటలు పడి చెడును. గుంతనోట మాలిబ్డినము కలిసిన 316 రకము వాడుట మేలు. బోల్టు తలపై మొదటి రకమునకు ఏ2 అనియు, రెండవదానికి ఏ4 అనియు గుర్తు ఉండును. కొనునపుడు ఆ గుర్తును చూచుటకు కండ్లు చాలును, శాస్త్రజ్ఞానము అక్కరలేదు.

మామిడి గుజ్జు తీయు కర్మాగారములు ఈ జిల్లాకు జీవనాధారములలో నొకటి. తోతాపురి కాయలు కుప్పలుగా వచ్చు ఆ నెలలలో అచ్చటి గచ్చుపై పండ్లరసము పారుచుండును. రోజునకు అనేక పర్యాయములు నీటితో కడుగుచుందురు. మామిడిరసము ఆమ్లము, తుత్తునాగమునకు ఆమ్లము పరమశత్రువు. అట్టిచోట గచ్చునకు దగ్గఱగా నున్న మోటారులకు పూత బోల్టులు వాడుట పొదుపు కాదు. ఒకటి రెండు పంటకాలములలో పూత పోయి ఇనుము బయటపడును. అచ్చట స్టెయిన్‌లెస్ స్టీలే యోగ్యము.

హోసూరు పరిసరములలో గులాబీలు పండించు ప్లాస్టికు గృహములయందును, పశువుల కొట్టములయందును అపాయము మఱియొక రూపమున వచ్చును. అందు ఇత్తడి బోల్టులు వాడువారు ఒక పాతకథను తెలిసికొనవలెను. ఒకప్పుడు భారతదేశములోని బ్రిటిషు సైన్యమునకు ఒక వింత చిక్కు ఎదురయ్యెను. గుఱ్ఱపుసాలలలో నిలువచేసిన ఇత్తడి తూటా గుల్లలు వానకాలము వచ్చుసరికి ఎవరును తాకకయే చీలిపోవుచుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమోనియాయే, లోపల బిగువుతో నున్న ఇత్తడిని పగులగొట్టుచున్నదని 1921 నాటి పరిశోధన తేల్చినది. మత్తిగిరి పశుక్షేత్రము కల మన ప్రాంతమున, ఇంటింట ఆవులున్న మన పల్లెలలో, అమోనియా ఎరువులు కలిపిన నీరు బిందుసేద్యపు పంపులగుండ పాఱు మన పూలతోటలలో, బిగించిన ఇత్తడి బోల్టు అదే స్థితిలో నున్నది. ఇత్తడి లోహము చెడ్డదని నా అభిప్రాయము కాదు. పొడిగా నుండు గదిలో, రాగి పట్టీల నడుమ, అది చక్కని బోల్టే. కొట్టములో మాత్రము దానిని నమ్మరాదు. నాలుగు కాళ్లపై నిలిచి, ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ మనకంటె ఎక్కువ ఎడము గల పశువునకు, భూమిపై వ్యాపించు కొద్దిపాటి వోల్టేజీ సైతము ప్రాణాంతకమగును గనుక కొట్టము ఎర్తింగులో ఉపేక్షకు తావు లేదు.

పొలములోను ఇండ్లలోను వాడు జి.ఐ. పట్టీని జి.ఐ. పట్టీతో కలుపునపుడు, వేడిగా కరగిన తుత్తునాగములో ముంచి తీసిన బోల్టును వాడవలెను. దుకాణములో తళతళ మెఱయుచు తక్కువ వెలకు దొరకు బోల్టుపై నున్న తుత్తునాగపు పూత సాధారణముగా పది మైక్రాన్ల లోపుది. ముంచి తీసినదానిపై పూత నలుబది మైక్రాన్లకు పైబడి, గరుకుగా, మసకగా నుండును. మెఱుపును చూచి మొదటిదానిని ఎంచుకొనుట మన జనసామాన్యమునకు అలవాటు. ఆరుబయట మసకదే మన్నును. రాగి తీగను జి.ఐ. పట్టీకి కలుపవలసి వచ్చినపుడు, తగరపు పూత గల రాగి లగ్గును, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టును వాషర్లను వాడి, రాగి క్రిందను జి.ఐ. పైనను ఉండునట్లు చూడవలెను. ఏలనగా రాగిమీదుగా జాఱిన నీరు దానిని సూక్ష్మముగా తీసికొనిపోయి క్రింది తుత్తునాగమును తినివేయును. రెండు పట్టీలను ఒకే బోల్టుతో బిగించినచో అవి దానిచుట్టు తిరిగి వదులగును గనుక రెండు బోల్టులు వేయవలెను. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టునకు స్టెయిన్‌లెస్ స్టీలు నట్టునే ఎక్కించునపుడు మరలు ఒకదానిలో నొకటి పట్టుకొని బిగిసిపోవు గుణము కలదు. కొంచెము గ్రీజు రాచి మెల్లగా ఎక్కించినచో ఆ బాధ యుండదు. అల్యూమినియము తీగను మాత్రము భూమిలో పాతిపెట్టు ఎర్తునకు వాడనే రాదు.

ఇంత చెప్పినను, ఇరువదియేండ్లుగా మా మోటారు ఇట్లే నడచుచున్నది, ఏమియు కాలేదే అనువారు ఉందురు. ఎర్తింగు దినదినము పనిచేయు వస్తువు కాదు. మోటారు చెడిన ఆ యొక్క నిమిషమున పనిచేయుటకై అన్ని యేండ్లు ఎదురుచూచునది. ఇరువదియేండ్లు ఏమియు జరుగలేదనుట మోటారు చుట్టలకు ప్రశంసయే గాని ఎర్తు బోల్టునకు యోగ్యతాపత్రము కాజాలదు. ఇక 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు కారుటకే సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి. యంత్రము వచ్చినది గదా, బోల్టుల చింత యేల యనువారు పట్టణములలో కలరు. ఆ యంత్రము మిక్కిలి మేలైనది; ప్రతి యింటను ఉండదగినది. కాని అదియు ఒక యంత్రమే. దాని బొత్తాము నొక్కి అప్పుడప్పుడు పరీక్షింపనిచో అదియు తుప్పుపట్టును. ప్రాణరక్షణకు రెండు కాపలాలు ఉండుట శ్రేయస్కరము. ఒక కాపలాదారుడు వచ్చినాడని రెండవవానిని నిద్రపుచ్చుట వివేకము కాదు. ఖర్చు మాట యందురా, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు నట్టు వాషర్లతో కలిపి రెండు మూడు కప్పుల టీ వెలకు మించదు. బోరు వేయుటకు లక్షలు వెచ్చించినవానికి అది లెక్కలోనిది కాదు.

మఱి దీనికి పూచీ ఎవరిది? చట్టము మౌనముగా లేదు. ప్రతి మోటారు కవచమును వేర్వేఱు రెండు మార్గములగుండ భూమితో కలుపవలెననియు, వేసవిలో పొడిగా నున్న దినమున రెండేండ్లకు ఒకమారైనను సరఫరాదారుని ఎర్తుల నిరోధమును కొలువవలెననియు 1956 నాటి భారత విద్యుత్ నియమములే శాసించినవి. ఆ నియమములకు బదులుగా 2010లోను, మరల 2023లోను వచ్చిన నిబంధనలలోను రెండు మార్గముల సూత్రము నిలిచియే యున్నది. భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.యస్. 3043 ఎర్తింగునకు సమగ్రమైన మార్గదర్శిని. లోపమున్నది ఆచరణలో. అంచనా కాగితములో గొట్టము పొడవు, పట్టీ వెడల్పు వ్రాయుదురు. బోల్టులు మాత్రము ఇతర సామగ్రి అను పద్దులో మునిగిపోవును. పరీక్షింపవచ్చినవారు గుంతనోట తీగ విప్పి గొట్టపు నిరోధమును కొలిచి, 3 ఓములని వ్రాసికొని సంతృప్తిపడుదురు. ఆ కొలతలో స్టార్టరు పెట్టె బోల్టు చేరనే చేరదు. పెట్టెమీది వట్టి లోహమునుండి గుంతవఱకు మార్గము అవిచ్ఛిన్నముగా నున్నదా యని వేఱుగా చూడనిదే ఆ పరీక్ష సగపుదే.

కావున నా సూచనలు మూడు. కాంట్రాక్టరు ఇచ్చు ప్రతి అంచనాలోను, బిల్లులోను ఎర్తు బోల్టుల లోహము, పూత, పరిమాణము ప్రత్యేకముగా వ్రాయవలెను. వ్రాసినదానికి పూచీ ఏర్పడును, వ్రాయనిదానికి ఏర్పడదు. రెండవది, ఈ జిల్లాలోని ఐ.టి.ఐ.లలో విద్యుత్ శిక్షణ పొందు విద్యార్థులకు లోహముల వరుసను, స్టార్టరు పెట్టె రంగు గీకుటను పాఠముగా కాక, చేతిపనిగా నేర్పవలెను. మూడవది, విద్యుత్ సరఫరా (ఈబీ) కార్యాలయములు పొలము సర్వీసుల వారికి ఇచ్చు జాగ్రత్తలను తమిళముతోపాటు తెలుగు, కన్నడములలోను ముద్రింపవలెను. ఈ సరిహద్దు తాలూకాలలో మోటారు మీట వేయు చేతులు ఆ మూడు భాషలవి.

రైతు సోదరులకు నా విజ్ఞప్తి: ఈ వేసవిలో వానలకు ముందు ఒక ఉదయము, స్టార్టరు పెట్టెకు సరఫరాను పూర్తిగా నిలిపివేయించి, లైసెన్సు గల వైర్‌మన్‌ను పిలిపించి, ఎర్తు బోల్టును మీ కన్నులయెదుట విప్పించి చూడుడు. తుప్పుపట్టి యున్నచో దానిని తుడిచి మరల బిగింపనీయకుడు. క్రొత్తది వేయించి, దాని లోహమేదో బిల్లుపై వ్రాయించుకొనుడు.